అరవై రెండో పేజీ దగ్గర ఆగిన పుస్తకం

ప్రశ్న: మాకు పెళ్ళై పన్నెండేళ్ళు. ఇద్దరికీ చదివే అలవాటు ఉంది. నేను ఎక్కువగా నవలలు, కథలు చదువుతాను. మావారు చరిత్ర, సైన్సు, జీవిత చరిత్రలు చదువుతారు. మొదట్లో ఒకరు చదివింది ఇంకొకరికి చెప్పుకునేవాళ్ళం. ఇప్పుడు పక్కపక్కనే కూర్చుని ఎవరి పుస్తకం వాళ్ళు చదువుకుంటున్నాం. నాలుగు నెలల క్రితం ఒక నవల చదివాను. తల్లి పోయాక ఆమె ఇల్లు ఖాళీ చేయడానికి వచ్చిన కూతురి కథ. చదివాక రెండు రోజులు మామూలు మనిషిని కాలేకపోయాను. మా అమ్మ పోయి అప్పటికి ఏడాది. వెంటనే ఆయన చేతిలో పెట్టి తప్పకుండా చదవమన్నాను. అరవై రెండో పేజీ దగ్గర ఆపేశారు. పేజీ మూల మడిచి బల్ల మీద పెట్టారు. నేను అట్ట వేసుకుని చదివే మనిషిని. ఆయన పేజీలు మడుస్తారు, పుస్తకాన్ని బోర్లా పెడతారు, పెన్నుతో గీతలు గీస్తారు. ఎన్నిసార్లు చెప్పినా వినరు, అదో గొడవ. "ఎంతవరకు వచ్చారు?" అని నేను అడగడం, "చదువుతానులే" అని ఆయన అనడం. ఒకరోజు ఆయనే "ఆ అమ్మాయి చివరికి ఇల్లు అమ్మేసిందా?" అని అడిగారు. నాకు ఒళ్ళు మండింది. "చదివితే తెలుస్తుంది" అన్నాను. ఆ తర్వాత ఇద్దరం దాని ఊసే ఎత్తలేదు. ఆయన ఇచ్చిన పుస్తకాలు నాకు నచ్చకపోయినా నేను రెండు మూడు పూర్తి చేశాను. ఇంత చిన్న విషయానికి ఇంత బాధపడటం నా తప్పా? ఇక ఆయనకు పుస్తకాలు ఇవ్వడం మానేయాలా?
ఒక పాఠకురాలు

సమాధానం:

అమ్మా, మీ ఉత్తరం ఒకసారి చదివి పక్కన పెట్టాను. మర్నాడు మళ్ళీ చదివాను. మొదటిసారి చదివినప్పుడు నాకు కనబడనిది రెండోసారి కనబడింది. దాని గురించే ముందు చెప్తాను.

మీ ఉత్తరంలో పేజీల మూలలు మడవడం గురించి మూడు నాలుగు వాక్యాలు ఉన్నాయి. మీ అమ్మగారి గురించి ఒకే ఒక్క వాక్యం ఉంది. "మా అమ్మ పోయి అప్పటికి ఏడాది." అంతే, అక్కడితో ఆపేసి మళ్ళీ పుస్తకం దగ్గరికి వెళ్ళిపోయారు. ముక్కూ మొహం తెలియని నాకు రాసేటప్పుడే ఆ మాట దగ్గర అంతసేపు కూడా నిలబడలేకపోయారంటే, ఇంట్లో ఆయన ముందు ఎంతసేపు నిలబడగలిగి ఉంటారో నేను ఊహించగలను. ఆ నవల ఆయన చేతిలో పెట్టినప్పుడు ఏమన్నారు మీరు? తప్పకుండా చదవమన్నారు. ఎందుకు చదవాలో చెప్పారా? చెప్పినట్టు మీరు రాయలేదు. చెప్పలేదనే అనుకుంటున్నాను. ఎందుకంటే చెప్పగలిగి ఉంటే ఆ పుస్తకం ఇవ్వాల్సిన అవసరమే అంతగా ఉండేది కాదు.

బాధపడటం తప్పా అని అడిగారు. తప్పు కాదు, చిన్న విషయమూ కాదు. మనల్ని ఏడిపించిన పుస్తకాన్ని ఇంకొకరి చేతిలో పెట్టినప్పుడు, మన గుండెలో ఒక గది తలుపు తీసి లోపలికి రమ్మని పిలిచినట్టే ఉంటుంది. వాళ్ళు గుమ్మం దాకా వచ్చి, చెప్పులు విప్పకుండానే వెనక్కి వెళ్ళిపోతే ఎవరికైనా మనసు కష్టపడుతుంది. కానీ అమ్మా, అది గది అని ఆయనకు తెలియదు. ఆయనకు కనబడింది ఒక నవల. మామూలుగా ఆయన చదవని రకం నవల. మీరు నోటితో చెప్పలేని మాటను ఆ పుస్తకం చేత చెప్పించాలనుకున్నారు. పుస్తకం ఎంత గొప్పదైనా ఆ పని చేయలేదు. అది రాసినవాళ్ళకు మీ అమ్మగారు తెలియదు కదా.

మీలాగే మనసులో మాట చెప్పడానికి ఇంకొకరి మాటలు తోడు తెచ్చుకున్న ఒక మనిషి నాకు గుర్తొస్తున్నారు. ఎమ్మా డార్విన్. జీవపరిణామ సిద్ధాంతం చెప్పిన చార్లెస్ డార్విన్ భార్య. 1838 నవంబరులో వాళ్ళకు పెళ్ళి కుదిరింది. ఆమెకు దైవభక్తి ఎక్కువ. ఆయనకు అప్పటికే మతం విషయంలో సందేహాలు మొదలయ్యాయి, ఆ సంగతి ఆయన ఆమె దగ్గర దాచలేదు. ఆ తేడా తమ మధ్య ఎక్కడ గోడలా లేస్తుందోనని ఆమెకు భయం. ఆ నెలలోనే ఆయనకు రాసిన ఉత్తరంలో ఒక కోరిక కోరింది. యోహాను సువార్తలో 13వ అధ్యాయం చివర మొదలయ్యే భాగం, యేసు తన శిష్యుల దగ్గర సెలవు తీసుకుంటూ చెప్పిన మాటలు, ఒకసారి చదవమని అడిగింది. కొత్త నిబంధన మొత్తంలో తనకు అన్నిటికంటే ఇష్టమైన భాగం అదేనని చెప్పింది. ఇదంతా తన ముచ్చట మాత్రమేనని, చదివితే తనకు చాలా సంతోషమని రాసింది. ఆ తర్వాత రాసిన మాట చూడండి. దాని మీద మీ అభిప్రాయం మాత్రం నాకు చెప్పొద్దు, ఎందుకో నాకే సరిగ్గా తెలియదు, అంది.

ఆ ఉత్తరం గురించి నేను చాలాసార్లు ఆలోచించాను. ఆమె పుస్తకం మొత్తం ఇచ్చి చదవమనలేదు, కొన్ని పేజీలు చూపించింది. అది తనకు ఏమవుతుందో ముందే చెప్పింది. తీర్పు అడగలేదు. ఆయన ఆ పేజీలు చదివి ఒప్పుకున్నా ఒప్పుకోకపోయినా ఆమె చెప్పదలుచుకున్నది అప్పటికే చేరిపోయింది. ఇదిగో, నా ప్రాణం ఇక్కడ ఉంది అని ఆయనకు తెలిసింది. ఆయన సందేహాలు ఆ తర్వాతా పోలేదు. పెళ్ళయిన కొత్తలో ఈ విషయం మీదే ఆమె ఇంకో ఉత్తరం రాసింది. ఒకే ఇంట్లో ఉంటూ కూడా, నోటితో చెప్పడం కంటే కాగితం మీద పెట్టడం తేలిక అనిపించి రాసిన ఉత్తరం అది. ఆయన దాన్ని జీవితాంతం దాచుకున్నాడు. దాని చివర తన చేత్తో, నేను పోయాక తెలుసుకో, దీన్ని ఎన్నోసార్లు ముద్దుపెట్టుకుని ఏడ్చాను అని రాసుకున్నాడు. ఆమె నమ్మినదాన్ని ఆయన నమ్మలేదు. అయినా ఆ కాగితాన్ని ముద్దుపెట్టుకున్నాడు. మీకు కావలసింది ఇలాంటిదే అని నా నమ్మకం. ఆయన ఆ నవలను మెచ్చుకోవాలని కాదు మీరు ఎదురుచూస్తున్నది.

కాబట్టి ఆ నవలను ఆయన బల్ల మీది నుంచి తీసేయండి. కోపంగా కాదు, మామూలుగా తీసి మీ అరలో పెట్టుకోండి. నాలుగు నెలలుగా అది అక్కడ ఉండి మీ ఇద్దరినీ చూస్తోంది. పొద్దున లేస్తే ఆయనకు అది చేయని పని, మీకు అది అందని జవాబు. ముందు దాన్ని అక్కడి నుంచి కదిలించాలి. అరలో పెట్టేముందు ఒక పని చేయండి. ఆయన మూల మడిచిన అరవై రెండో పేజీ తెరిచి, అక్కడ ఏముందో చదవండి. ఇంతవరకు ఆ పని మీరు చేసి ఉండరు, మడత చూసి కోప్పడి ఉంటారు. ఆయన విసుగు పుట్టి అక్కడ ఆపి ఉండొచ్చు. అలాగే, ఆ కూతురు అల్మారా తెరిచే చోటో, తల్లి చేతిరాత కనబడే చోటో అది అయి ఉండొచ్చు. మీ అమ్మగారు పోయినప్పుడు మిమ్మల్ని దగ్గరుండి చూసిన మనిషి ఆయన. అలాంటి పేజీ దగ్గర చదవలేక ఆగిపోయేవాళ్ళూ ఉంటారు. మావారు ఒక పుస్తకం సగంలో మూసేస్తే నచ్చలేదనే చాలా ఏళ్ళు అనుకున్నాను. కొన్ని పుస్తకాలు మరీ దగ్గరగా వచ్చేయడం వల్ల మూసేశారని ఎంతో ఆలస్యంగా తెలిసింది నాకు. మీ ఇంట్లో ఏది నిజమో నాకు తెలియదు. అడగకుండా మీకూ తెలియదు.

ఇక "ఎంతవరకు వచ్చారు?" అనే ప్రశ్న. దీన్ని ఇవాళ్టితో మానేయండి. అడిగేది ఎంత ప్రేమతోనైనా సరే, వినేవాళ్ళకు అది హోంవర్క్ చూపించమన్నట్టే ఉంటుంది. ఫ్రెంచి రచయిత డానియెల్ పెన్నాక్ 1992లో వచ్చిన తన పుస్తకంలో చదువరికి పది హక్కులు ఉన్నాయని రాశాడు. మొదటిది అసలు చదవకుండా ఉండే హక్కు. మూడోది మొదలుపెట్టిన పుస్తకం పూర్తి చేయకుండా వదిలేసే హక్కు. చివరిది, పదోది, చదివిన దాని గురించి ఏమీ మాట్లాడకుండా ఉండే హక్కు. ఆయన బడిపిల్లలకు పాఠం చెప్పిన మనిషి, పిల్లలకు చదువు మీద ప్రేమ ఎలా చచ్చిపోతుందో దగ్గరగా చూసి రాశాడు. కానీ ఆ పది హక్కులూ భార్యాభర్తలకు కూడా వర్తిస్తాయి. పదోది మరీ ముఖ్యం. కొందరికి పుస్తకం ముగియగానే మాట్లాడాలనిపిస్తుంది, మీలాగా. కొందరికి నెలరోజులు పడుతుంది. కొందరికి ఎప్పటికీ అనిపించదు, అయినా లోపల అది పని చేస్తూనే ఉంటుంది.

ఆ హక్కులు మీకూ ఉన్నాయి. ఆయన ఇచ్చిన పుస్తకాలు నచ్చకపోయినా పూర్తి చేశానని రాశారు. ఎందుకు పూర్తి చేశారు? ఆయన మీద ప్రేమతో చేశానంటారు, అది నిజమే. కానీ అప్పటి నుంచి మనసులో ఒక ఖాతా నడుస్తోంది. నేను మూడు చదివాను, ఆయన ఒక్కటీ చదవలేదు అని. ఆ ఖాతా ఉందని ఆయనకు తెలియదు. తెలియని బాకీ ఎవరు తీరుస్తారు? ఇంకో సంగతి. నచ్చలేదని మీరు చెప్పలేదు కాబట్టి మీకు అవి నచ్చాయనే ఆయన అనుకుంటున్నారు. మీ భార్య ఇష్టాల గురించి చెప్పమంటే, ఆయన బహుశా ఆ మూడు పుస్తకాల పేర్లు కూడా కలిపి చెప్తారు. ఈసారి ఆయన ఏదైనా ఇస్తే యాభై పేజీలు చదవండి. నచ్చకపోతే, ఇది నాకు పట్టుబడటం లేదు, ఇందులో మీకు ఏం నచ్చిందో మీరే చెప్పండి అని అడగండి. పుస్తకం ఇచ్చినవాళ్ళకు ఇంతకంటే సంతోషం ఉండదు. పొడిపొడిగా బాగుంది అనడం కంటే ఈ ప్రశ్న వెయ్యి రెట్లు మేలు.

మళ్ళీ డార్విన్ దంపతుల దగ్గరికి వస్తాను, ఎందుకంటే ఆ ఇంట్లో పుస్తకం ఎలా తిరిగేదో తెలుసుకోవడం మీకు పనికొస్తుంది. వాళ్ళ అబ్బాయి ఫ్రాన్సిస్ తండ్రి దినచర్య వివరంగా రాసిపెట్టాడు. మధ్యాహ్నం మూడు ప్రాంతంలో డార్విన్ సోఫాలో వాలి విశ్రాంతి తీసుకునేవాడు, ఎవరో ఒకరు నవల పైకి చదివి వినిపించేవాళ్ళు. ఆ చదవడం చాలావరకు ఎమ్మా పనే. వింటూ వింటూ ఆయన నిద్రపోయేవాడు. ఆమె మాత్రం చదవడం ఆపేది కాదు. ఆపితే గొంతు వినబడక ఆయనకు మెలకువ వచ్చేస్తుందని, ఆయన నిద్రపోతున్నా అలాగే చదువుకుంటూ పోయేది. లేచాక, అయ్యో కథలో ఇంత భాగం పోయిందే అని ఆయన బాధపడేవాడు.

ఇది చదివిన రోజు నేను పుస్తకం మూసి కాసేపు అలా కూర్చుండిపోయాను. వినడం లేదని తెలిసీ చదవడం. నేను ఇంత శ్రమపడి చదువుతుంటే నిద్రపోతారా అని ఎమ్మా అనుకుని ఉంటే ఆ ఇంట్లో ఆ అలవాటు వారం రోజులు కూడా నిలబడేది కాదు. ఏళ్ళ తరబడి నిలబడింది. ఆయన తన ఆత్మకథలో నవలల గురించి ఎంతో కృతజ్ఞతగా రాశాడు. ఓ మోస్తరుగా ఉన్న నవలైనా తనకు ఇష్టమేనని, విషాదంగా ముగిసే నవలలను నిషేధిస్తూ చట్టం చేయాలని అన్నాడు. మీ నవల ఆయనకు ఇచ్చి ఉంటే ఏమయ్యేదో మరి.

అదే ఆత్మకథలో ఆయన బాధగా ఒప్పుకున్న సంగతి ఇంకొకటి ఉంది. ముప్పై ఏళ్ళ వయసు దాకా కవిత్వమంటే ఎంతో ఇష్టం ఉండేదని, పెద్దయ్యాక ఒక్క పాదం కూడా చదవలేకపోతున్నానని, ఆ రుచి పోవడం అంటే సంతోషం పోవడమేనని రాశాడు. మళ్ళీ బతికే అవకాశం వస్తే వారానికి ఒక్కసారైనా కాస్త కవిత్వం చదవాలని, కాస్త సంగీతం వినాలని నియమం పెట్టుకుంటానన్నాడు. మావారికి కథలు పట్టవు అని మీరు తేల్చేసినట్టు మీ ఉత్తరంలో ఎక్కడా లేదు, సంతోషం. ఎప్పుడైనా అలా తేల్చేయాలనిపిస్తే ఈ మాట గుర్తు చేసుకోండి. రుచులు పోతాయి, వాడకపోతే పోతాయి, పోయినందుకు లోపల దిగులు కూడా ఉంటుంది. మీ ఆయన చదివే జీవిత చరిత్రలు మాత్రం ఏమిటి? మనుషుల కథలే కదా.

పైకి చదవడం గురించి నా అనుభవం చెప్తాను. కొన్నేళ్ళ క్రితం మావారికి కంటి ఆపరేషన్ అయింది. కొన్ని వారాలు చదవొద్దన్నారు. ఆయన అప్పటికి నక్షత్రాల మీద ఒక లావుపాటి పుస్తకం సగం చదివి ఉన్నారు. చదవకుండా ఉండలేని మనిషి, టెన్షన్‌తో గదిలో అటూ ఇటూ తిరుగుతుంటే చూడలేక, నేను చదివి పెడతాను కూర్చోండి అన్నాను. నాకు ఆ విషయం మీద ఆసక్తి లేదు. మొదటి రెండు రోజులు వాక్యాలు నోటితో పలికానే తప్ప ఒక్క ముక్క అర్థం కాలేదు. మూడో రోజు ఒక పేరా దగ్గర ఆయన ఆగమన్నారు. మనం చూసే నక్షత్రపు వెలుగు ఎప్పుడో బయలుదేరి ఇప్పటికి మన కంటికి చేరుతుందన్న సంగతి అక్కడ ఉంది. నాకు తెలిసిన సంగతే. కానీ ఆయన, కళ్ళకు కట్టుతో, చిన్నప్పుడు మేడ మీద వాళ్ళ అన్నయ్యతో పడుకుని ఆకాశం చూసిన రాత్రుల గురించి చెప్పడం మొదలుపెట్టారు. ఆ అన్నయ్య పోయి చాలా ఏళ్ళయింది. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆ రాత్రుల గురించి నాకు ఎప్పుడూ చెప్పలేదు. ఆయన ఎందుకు ఆ పుస్తకాలు చదువుతారో నాకు ఆ రోజు తెలిసింది. అంతకుముందు పొడి పుస్తకాలు అనుకునేదాన్ని.

ఆయన కన్ను బాగైంది, అలవాటు మిగిలింది. రోజూ కాదు. వారంలో మూడు నాలుగు రాత్రులు, పదిహేను ఇరవై నిమిషాలు. ఒకరోజు ఆయన పుస్తకంలోంచి, ఒకరోజు నాదాంట్లోంచి. ఈ ఏడాది నేను పదకొండు పుస్తకాలు మొదలుపెట్టి ఆరు పూర్తి చేశాను. అందులో మేమిద్దరం కలిసి చదివింది ఒక్కటే. మిగతావాటి సంగతులు ఆయనకు చాలావరకు తెలియవు. ఆయన చదివినవీ నాకు తెలియవు. కానీ ఆ ఒక్క పుస్తకంలో మనుషులు మా ఇంట్లో మనుషుల్లా అయిపోయారు. అందులో ఒక పాత్ర ఏదైనా దాచాల్సి వస్తే పని ఉన్నట్టు లేచి వెళ్ళిపోతుంటుంది. ఇప్పుడు మాలో ఎవరైనా అలా లేచి వెళ్తే రెండోవాళ్ళం ఆ పాత్ర పేరు అంటాం. ఆ ఒక్క పేరుతో ఎన్నో గొడవలు మొదలవకుండానే ఆగిపోయాయి.

అంత టైమ్ ఎక్కడిది అంటారేమో, లెక్క చెప్తాను. మనుషులు చదివే వేగం మీద 190 అధ్యయనాలను కలిపి చూసిన ఒక పరిశీలన 2019లో వచ్చింది. ఇంగ్లీషులో పెద్దవాళ్ళు మనసులో చదివితే నిమిషానికి కథల పుస్తకమైతే సగటున 260 పదాలు, పైకి చదివితే 183 పదాలు అని తేలింది. మూడు వందల పేజీల నవల, పేజీకి 250 పదాల చొప్పున 75,000 పదాలు. మనసులో చదివితే దాదాపు అయిదు గంటలు, పైకి చదివితే దాదాపు ఏడు గంటలు. రాత్రికి ఇరవై నిమిషాల చొప్పున మూడు వారాల పని. మన భాషలో పదాల పొడవు వేరు కాబట్టి అంకెలు కొంచెం అటూ ఇటూ అవుతాయి, అంతే. పైకి చదవడంలో ఇంకో సుఖం ఉంది. ఇద్దరూ ఎప్పుడూ ఒకే పేజీలో ఉంటారు. ఎంతవరకు వచ్చారని అడగాల్సిన పనే లేదు.

కానీ మీ అమ్మగారిని గుర్తు చేసే ఆ నవలతో దీన్ని మొదలుపెట్టకండి. దాని మీద ఇప్పటికే చాలా బరువు పడింది. ఆయన చేతిలో ఇప్పుడున్న పుస్తకంతో మొదలుపెట్టండి. ఇవాళ చదివినదాంట్లో మీకు బాగా నచ్చిన పేజీ ఒకటి చదివి వినిపించండి అని అడగండి. ఒకే ఒక్క పేజీ. పూర్తయ్యాక అభిప్రాయం చెప్పకండి, ఎమ్మా కోరినట్టే. ఆ పేజీ ఎందుకు ఎంచుకున్నారో మాత్రం అడగండి. మీ వంతు ఆయన అడిగినప్పుడు వస్తుంది. అడగకపోతే రెండు మూడు రోజులు ఆగి, నేనూ ఒక పేజీ చదువుతాను వినండి అనండి. ఆయన నిద్రపోతే చదువుతూనే ఉండండి.

పేజీలు మడవడం సంగతి త్వరగా తేల్చేద్దాం. డార్విన్ లావు పుస్తకాలను పట్టుకోవడం కష్టంగా ఉందని మధ్యకు రెండు ముక్కలుగా కోసేసేవాడు. పుస్తకం ఆయనకు పనిముట్టు. మీకు అది ఇంటికొచ్చిన చుట్టం. రెండూ పుస్తకం మీద ప్రేమే. మీకు ప్రాణమైన పుస్తకాలు మీ అరలో వేరే పెట్టుకుని, వాటి జోలికి రావొద్దని ఒక్కసారి నిదానంగా చెప్పండి. ఇద్దరూ చదవాలనుకున్నది ఉంటే రెండు ప్రతులు తెచ్చుకోండి, లేదా ఆయన మడిచే ప్రతిని ఆయనదిగా వదిలేయండి. ఆయన గీతలు గీసిన పుస్తకాలు మాత్రం ఒకసారి తీరిగ్గా తిరగేయండి. ఎక్కడ గీశారో చూడండి. చాలా ఏళ్ళుగా ఆయన మీకు రాయని ఉత్తరాలు అక్కడ ఉన్నాయి. నేను మావారి పుస్తకాల్లో గీతలు చూసే ఆయనకు దేని మీద భయమో, దేని మీద ఆశో చాలా తెలుసుకున్నాను.

చదివినవన్నీ ఆయనతోనే పంచుకోవాలన్న పట్టు కూడా కొంచెం సడలించండి. నవల గురించి గంటలు గంటలు మాట్లాడాలనిపిస్తే, అలా మాట్లాడే స్నేహితురాలిని వెతుక్కోండి. భర్త ఒక్కడే చదువరి, స్నేహితుడు, విమర్శకుడు అన్నీ కావాలంటే ఏ మనిషి వల్లా కాదు. మీరు చదివిన ప్రతి పుస్తకం ఆయనకు చేరాల్సిన పని లేదు. కొన్ని మీ ఒక్కరికే ఉండనివ్వండి. అలాగని పుస్తకాలు ఇవ్వడం మానేయాలా అంటే, వద్దు. ఇవ్వండి. ఇచ్చేటప్పుడు ఒక్క వాక్యం జత చేసి ఇవ్వండి. ఇందులో నూట పదో పేజీ చదివినప్పుడు మీరు గుర్తొచ్చారు అని చెప్పి ఇస్తే, ఆయన మిగతా పుస్తకం చదవకపోయినా ఆ పేజీ చదువుతారు. వదిలేసినా ఏమీ అనుకోను అని కూడా చెప్పండి. చెప్పాక నిజంగానే ఏమీ అనుకోకండి, ఇది కష్టం, నాకు తెలుసు.

చివరగా, ఆ ఒక్క ప్రశ్న. ఉత్తరంలో మీరు దాన్ని కోపంతో రాశారు. నేను చదివినప్పుడు నాకు అక్కడే ఆశ కలిగింది. పుస్తకం మూసేసి ఎన్నో రోజులైన మనిషి, ఎవరూ అడగకుండా, ఆ అమ్మాయి చివరికి ఇల్లు అమ్మేసిందా అని అడిగారు. అంటే ఆ అమ్మాయి ఆయన మనసులో ఇంకా ఆ ఇంట్లోనే నిలబడి ఉంది. మీ అమ్మగారి ఇంటి సంగతి ఏమైందో మీరు రాయలేదు. ఆయన అడిగింది నవలలో అమ్మాయి గురించేనా అని కూడా నాకు అనుమానం ఉంది. ముగింపు చెప్పేస్తే కథ పాడవుతుందని మీరు ఆపి ఉంటే, ఆ భయం అక్కర్లేదు. 2011లో అమెరికాలో ఇద్దరు పరిశోధకులు పన్నెండు కథలతో పరీక్షించి చూస్తే, ముగింపు ముందే తెలిసినవాళ్ళు కథను తెలియనివాళ్ళ కంటే కాస్త ఎక్కువే ఇష్టపడ్డారు. తర్వాత వచ్చిన పరిశోధనలన్నీ అదే మాట అనలేదు కానీ, ఆ ముగింపు దాచిపెట్టినందువల్ల మీ ఇంట్లో జరిగింది మాత్రం మీకే తెలుసు.

ఈ రాత్రి ఇద్దరూ పక్కపక్కన పుస్తకాలు పట్టుకుని కూర్చున్నప్పుడు మీది మూసి ఒళ్ళో పెట్టుకోండి. ఆ రోజు మీరు అడిగారు కదా, చెప్పలేదు, అని మొదలుపెట్టండి. ఆ అమ్మాయి ఇల్లు అమ్మేసిందో లేదో ఆయనకు చెప్పండి. ఆ ఇంట్లో తనకు ఏం దొరికిందో చెప్పండి. అది చెప్తుండగా మీకు అమ్మ గుర్తొస్తే, ఈసారి ఒక్క వాక్యంతో ఆపేయకండి.